మెదకు గుడి కట్టిన పాస్నెట్ దొరగారు

ధ్యానమునకు వాక్యభాగములు: యోహాను 10:11-16, 1 పేతురు 2:4-10



ప్రతి సంవత్సరము క్రిస్మసు పండుగ దినమున మన ఇస్నాపూర్, పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములనుండి అనేకులు మెదకు పట్టణమునకు ప్రయాణమై పోవుదురు. తెల్లవారుజామున జరుగు ఆరాధనకు అందవలెనని కొందరు ముందునాటి రాత్రియే బయలుదేరుదురు. ఏ సంఘశాఖకు చెందినవారైనను, మరి ఏ మతమునకు చెందినవారైనను, ఆ గొప్ప గుడి యెదుట నిలిచి తల యెత్తి గోపురమును చూచి ఆశ్చర్యపడని వారు లేరు. ఆ గుడిని కట్టించినవారు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. ఆయన పేరు మన పెద్దలందరికి తెలియును. కాని ఆయన ఎందుకు మెదకునకు వచ్చెను, ఎవరికొరకు వచ్చెను, గుడి కట్టక పూర్వము పదునెనిమిది సంవత్సరములు ఏమి చేసెను అను సంగతులు మన పిల్లలకు అంతగా తెలియవు. గుడి చూచి వచ్చిన కన్నులతో ఆ సంగతులను కూడ చూచుట మేలని యెంచి, ఈ మాసము ఆయన జీవితమును మీ ముందుంచుచున్నాము.

మంజీర త్రోవ

మొదట ఆ సీమను తలంచుకొందము. మంజీర నది మహారాష్ట్రములోని బీడు జిల్లా బాలాఘాటు కొండలలో పుట్టినది. తూర్పు దిక్కుగా పారుచు బీదరు సీమను దాటి వచ్చి, మన సంగారెడ్డి దాపున వంపు తిరిగి ఉత్తరదిశకు మరలును. అక్కడనుండి మెదకు సీమలోనికి పోయి, ఏడుపాయల యొద్ద ఏడు పాయలుగా చీలి, మరల ఒక్కటియై, కడపట నిజామాబాదు జిల్లా కందకుర్తి యొద్ద గోదావరిలో కలిసిపోవును. దాని ప్రయాణము ఇంచుమించు 724 కిలోమీటర్లు. మన నక్కవాగు నీళ్లును ఆ మంజీరలోనే కలియును. కాబట్టి మన చేలమీద కురిసిన వాన మెదకు చేల ప్రక్కగానే సాగిపోవుచున్నదని చెప్పవచ్చును. మనకును మెదకునకును సంబంధము ఈ విధముగా సంఘములు పుట్టకముందే కలదు.

మెదకు పట్టణమునకు కొండమీద కాకతీయుల కాలపు కోట కలదు. చుట్టును నల్లని బండరాళ్ల గుట్టలు, ఎఱ్ఱనేలలు, చెరువులు, కుంటలు. ఘనపురము ఆనకట్ట 1905లో మంజీరపై కట్టబడిన తరువాత మహబూబు నహరు, ఫతే నహరు అను రెండు కాలువలక్రింద వరి పండెను. కాలువ అందని మిట్ట పల్లెలు మాత్రము వానను, చెరువును నమ్ముకొని బ్రదికెడివి. వాన తప్పిన యేడు జొన్న గటకయు దొరకక పోయెడిది.

ఆ దినములలో ఈ దేశమంతయు నిజాము ప్రభువుల యేలుబడిలో నుండెను. పల్లెలో భూమి కొద్దిమంది చేతిలో నుండెను. మాల, మాదిగ కుటుంబములు ఊరి వెలుపల వాడలలో కాపురముండి, కూలి లేని వెట్టిపని చేయుచుండిరి. ఊరి బావిలో నీళ్లు తోడుకొను హక్కు వారికి లేకుండెను. అక్షరము నేర్పువారు లేరు. జ్వరము వచ్చినయెడల నాడి చూచువారు లేరు. ఈ మాటలు కథలు కావు. మన ముత్తాతలు పడిన బాధలివి.

దండునుండి పల్లెకు

వెస్లియన్ మెథడిస్టు మిషను వారి పని హైదరాబాదు రాజ్యములో 1879లో విలియం బర్జెస్ దొరగారితో ఆరంభమాయెను. పదునారు సంవత్సరముల తరువాత, అనగా 1895లో, పాస్నెట్ దొరగారు సికింద్రాబాదులో దిగిరి. అప్పటికాయన ఇరువదియైదేండ్ల యువకుడు. ఆయనకు మొదట అప్పగింపబడిన పని తిరుమలగిరి దండులోని ఆంగ్ల సిపాయీల మధ్య పరిచర్య. ఆ సిపాయీలు ఆయన దేశమువారే, ఆయన భాష మాటలాడువారే. అక్కడ ఇల్లు కలదు, బాటలు కలవు, తన వారి సహవాసము కలదు. సుఖముగా ఉండదలచినవానికి అది చాలిన చోటు.

అయినను ఆయన మనస్సు అక్కడ నిలువలేదు. తన భాష యెరుగనివారు, తన ముఖమెన్నడును చూడనివారు, పల్లెలలో కాపరి లేనివారు అనేకులున్నారను తలంపు ఆయనను విడువలేదు. మంచి కాపరికి దొడ్డిలో లేని వేరే గొఱ్ఱెలును కలవని యోహాను సువార్త పదియవ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన సంగతి మీరెరుగుదురు. ఆ యధ్యాయమును చదివినవారు అనేకులు. దానినిబట్టి లేచి నడిచినవారు కొందరే. పాస్నెట్ దొరగారు 1896లో దండును విడిచి మెదకునకు వచ్చిరి. అప్పటికి ఆ దిక్కున రైలు లేదు, మోటారు లేదు. గుఱ్ఱముమీద వచ్చుటకు రెండు దినములు పట్టెడిది. కొలది యేండ్లకు మన్మాడు పోవు రైలుదారి పడెను గాని, అదియును మెదకు పట్టణమును ప్రక్కకు విడిచిపోయెను. రైలు మెదకు వరకు వచ్చుట 2022లో మాత్రమే జరిగెను.

ఆయన వచ్చునప్పటికి మెదకు సీమలో క్రైస్తవులు ఇంచుమించు రెండు వందలమంది మాత్రమే. గుడి లేదు, గోపురము లేదు. ఆయన మొదట నేర్చుకొనవలసినది మన తెలుగు. పుస్తకములలోని తెలుగు చాలదు. పల్లెలో కూలి మనిషి పలుకు తెలుగు, ముసలమ్మ తన మనుమనిని పిలుచు తెలుగు, రోగి తన నొప్పిని చెప్పుకొను తెలుగు నేర్వవలెను. ఆయన ఆ మాటను నేర్చి, ఆ మాటతోనే నలువది సంవత్సరములకు పైగా బ్రదికిరి.

ఆయన సహోదరి ఎమిలీ పాస్నెట్ అమ్మగారును, ఆమె స్నేహితురాలు సారా హారిస్ అమ్మగారును మెదకులో ఆయనతోకూడ పని చేసిరి. స్త్రీల మధ్యను, పిల్లల మధ్యను, రోగుల మధ్యను వారు చేసిన సేవ దొరగారి సేవకు తక్కువైనది కాదు. మగవారు మాటలాడగల చోట్లు కొన్ని, స్త్రీలు మాత్రమే ప్రవేశింపగల చోట్లు అనేకము. పురుడు వచ్చిన ఇంటిలోనికి, బిడ్డ చనిపోయిన తల్లి ప్రక్కకు వెళ్లగలిగినవారు ఈ అమ్మగారలే.

పంతులుగారు, పంతులమ్మగారు

సంఘములు ఎట్లు పెరిగెనో మీరు గమనింపవలెను. ఒక్క దొర ఎన్ని పల్లెలు తిరుగగలడు? వానకాలమున వాగులు పొంగును, బాటలు బురదయగును. ఒక పల్లెకు వచ్చినవాడు మరల అక్కడికి వచ్చుటకు నెలలు పట్టును. కాబట్టి మన వారిలోనుండియే సువార్తికులను సిద్ధపరచుట మెదకు పనికి వెన్నెముక ఆయెను. పురుషునికి మాత్రమే కాక అతని భార్యకును అక్కడ చదువు నేర్పిరి. దంపతులిద్దరును వాక్యము నేర్చుకొని ఒక పల్లెకు వెళ్లి, వాడలోనే కాపురముండి, భర్త పెద్దలకు, భార్య తల్లులకు బోధించెడివారు.

వారి పని పగటివేళ ఆరంభము కాదు. పగలు వాడలో ముసలివారును పసివారును తప్ప ఎవరుందురు? కూలికి పోయినవారు ప్రొద్దు గ్రుంకిన తరువాత ఇల్లు చేరి, పొయ్యి రాజేసి, ఇంత తిని, అప్పుడు ప్రార్థనకు వచ్చెడివారు. ఒక దీపము, ఒక చాప, ఒక కీర్తన. చదువు రానివారు గనుక ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను, వాక్య కథలను నోటితో చెప్పించుకొని హృదయములో వ్రాసికొనిరి. ఆదివారము సెలవు అను మాట వెట్టివాని యెరుకలో లేదు. అందుచేత అనేక పల్లెలలో ప్రభువుదినము రాత్రివేళనే ఆచరింపబడెను.

సంఘకాపరి ఒకచోట నివసించి, చుట్టునున్న అనేక పల్లెలను చూచుకొనెడివాడు. బాప్తిస్మము, ప్రభు రాత్రి భోజనము ఆయన వచ్చినప్పుడే జరిగెడివి. మిగిలిన దినములన్నియు ఆ పంతులుగారును పంతులమ్మగారును సంఘమునకు తోడు. నేడు కూడ మన గ్రామ సంఘములలో అనేకము ఈ విధముగానే నడచుచున్నవి గదా. మొదట మాల కుటుంబములు, తరువాత మాదిగ కుటుంబములు విస్తారముగా సంఘములో చేరిరి. రెండు వందలమందితో ఆరంభమైన చోట, దొరగారి సేవ ముగియునప్పటికి హైదరాబాదు మెథడిస్టు జిల్లాలో క్రైస్తవుల సంఖ్య లక్షకు మించెను. ఆయన ఆ జిల్లాకు అనేక సంవత్సరములు అధ్యక్షుడుగా నుండిరి. అయితే ఆ లక్షమందిలో ప్రతివానికి మొదటి కీర్తన నేర్పినది ఒక పంతులమ్మయో, ఒక పంతులుగారో. వారి పేర్లు ఏ శిలమీదను చెక్కబడలేదు. దేవుని గ్రంథమునందు అవి లేకపోవు.

కరువు దినములు, గుడి పని

1914లో ఐరోపాలో గొప్ప యుద్ధము పుట్టెను. ధరలు పెరిగెను. మన దేశమున వానలు తప్పి కరువు కలిగెను. యుద్ధపు చివర, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వచ్చి మన దేశములోనే లక్షల కొలది ప్రాణములను తీసికొనిపోయెను. ఆ కాలముననే మెదకు గుడి పని సాగెను. 1914లో ఆరంభమైన పని పది సంవత్సరములు జరిగి, 1924 డిసెంబరు 25వ తేదీన గుడి ప్రతిష్ఠింపబడెను.

ఆకలిగొన్నవారిని చూచి దొరగారు పని కల్పించిరి. రాయి మోసినవారికి, మట్టి త్రవ్వినవారికి, సున్నము నూరినవారికి ఆ పనికి తగిన తిండి దొరికెను. తండ్రి తన పిల్లలకు భిక్షాన్నము తెచ్చుటకును, తాను కష్టించిన కూటిని తెచ్చుటకును భేదము కలదు. వెట్టిచాకిరి చేసి చేసి, పనికి ప్రతిఫలమన్నది యెరుగని జనులకు, మోసిన ప్రతి తట్టకు విలువ కలదని తెలియుట చిన్న సంగతి కాదు.

గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంటల గోపురము 175 అడుగుల యెత్తు. లోపల ఇంచుమించు అయిదు వేలమంది కూర్చుండి ఆరాధింపవచ్చును. రంగుల పలకల నేలను పరచుటకు ఇటలీ దేశపు పనివారు వచ్చిరి. గోపురపు రాళ్లను పైకెత్తినవి మాత్రము మన మెదకు కూలివారి భుజములే. తరువాతి కాలమున ఫ్రాంక్ సాలిస్‌బరీ అను చిత్రకారుని రంగుటద్దముల కిటికీలు అమర్చబడెను. ఆరోహణ చిత్రము 1927లోను, జనన చిత్రము 1947లోను, సిలువ చిత్రము 1958లోను చేరెను. ఆ కిటికీలు పగటి వెలుగు సోకినప్పుడే లోపలివారికి కనబడును. చీకటి పడినపిమ్మట అవి మామూలు గోడవలె నుండును. దీని యర్థము ప్రతి విశ్వాసియు తన హృదయములోనే ధ్యానించుకొనవచ్చును.

గుడి కొరకు ఇంత ఖర్చు ఎందుకు, పల్లె జనులకు గుడిసెలోని ప్రార్థన చాలదా అని ఆ దినములలోను అడుగదగిన ప్రశ్నయే, నేడును అడుగదగిన ప్రశ్నయే. ఒక్క మాట చెప్పుదుము. ఊరి దేవాలయముల గడప త్రొక్కనియ్యబడని జనులు, తమ చేతులతో తామే కట్టిన గొప్ప ఆలయములో నడుమ వాకిట లోపలికి నడిచిరి. ఎవ్వరును వారిని పొమ్మనలేదు. త్రోసివేయబడిన రాయి మూలకు తలరాయి యైనదని అపొస్తలుడైన పేతురు వ్రాసిన సంగతి ఆ జనులకు వివరింపనక్కరలేదు. అది వారి స్వంత కథయే.

లోపములను కూడ చెప్పుదము

ఒక సేవకుని జీవితమును చెప్పునప్పుడు మెచ్చుకోలు మాత్రమే చెప్పిన యెడల అది సత్యము కాదు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను నింద మన పెద్దలపై పడినది. ఆకలి దినములలో వచ్చినవారు కొందరు ఆకలిచేతనే వచ్చియుందురు. తప్పిపోయిన కుమారుడును ఆకలిచేతనే తండ్రి యింటి తట్టు తిరిగెను గదా. అయితే కరువు పోయి వానలు వచ్చిన తరువాతను వాడలలో రాత్రి ప్రార్థనలు ఆగలేదు. నింద మోసినవారు, ఊరి కోపమును సహించినవారు, కూటికొరకు మాత్రమే అంత భారము మోయుదురా?

మరి యొకటి. దొరల కాలమున సంఘములు పరదేశ ధనముమీదను, దొరగారి మాటమీదను ఆనుకొనుట నేర్చుకొనెను. దొరలు వెళ్లిన తరువాత తమ కాపరిని తామే పోషించుకొనుట అనేక సంఘములకు కష్టమాయెను. సంఘములో చేరినను కులభేదము పూర్తిగా విడువలేదు. మెదకు సీమలోని వడియారము సంఘ పరిధిని గూర్చి పి. వై. లూక్ గారును జాన్ కార్మన్ గారును పరిశోధించి 1968లో ఒక గ్రంథము ప్రకటించిరి. పల్లె విశ్వాసులు ప్రభువును ప్రేమించుచునే, ఊరి పాత ఆచారములను కూడ అనేకము నిలుపుకొనియున్నారని వారు చూపిరి. ఇది విని మనము నొచ్చుకొనక, మన యిండ్లను మనమే పరీక్షించుకొందము. గోపురము పది యేండ్లలో లేచును. మనుష్యుని హృదయము కట్టబడుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.

కడపటి దినములు

పాస్నెట్ దొరగారు 1939లో పని విరమించి స్వదేశమునకు వెళ్లిరి. దండులో దిగిన నాటినుండి నలువదినాలుగు సంవత్సరములు గడచెను. ఆయన జీవించియుండగానే, 1947 సెప్టెంబరు 27న మద్రాసు నగరములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. అదే సంవత్సరము అక్టోబరు 13న మెదకు అధ్యక్షమండలము ఆరంభమాయెను. ఫ్రాంక్ విటేకర్ గారు దాని మొదటి బిషప్పు. ఏ గ్రామ సంఘములకొరకు దొరగారు గుడి కట్టిరో, ఆ సంఘముల మండలమునకు అదే ప్రధానాలయ మాయెను. ఆయన 1950లో ప్రభువునందు నిద్రించిరి. గుడికి 2024 క్రిస్మసుతో నూరు సంవత్సరములు నిండెను.

మన వంతు

ఇప్పుడు మన వాకిటికి వత్తము. ముప్పదియేండ్ల క్రిందటి ఇస్నాపూరు నేడు లేదు. 1970ల నుండి పటాన్‌చెరు చుట్టును, ఆ తరువాత పాశమైలారములోను కర్మాగారములు లేచెను. చేలు అమ్ముడుపోయెను. నక్కవాగు నీళ్లు చెడిపోయి, రైతులు న్యాయస్థానములకు వెళ్లవలసివచ్చెను. మన పిల్లలలో అనేకులు నాగలి విడిచి యంత్రము పట్టిరి. మన వీధులలో ఒడిషానుండి, బీహారునుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవారు ఒక్కొక్క గదిలో ఆరేడుగురు చొప్పున కాపురమున్నారు. పగలొకరు, రాత్రి యొకరు వంతులవారీగా పనికి పోవుదురు. వారికి ఆదివారము లేదు. మన ముత్తాతలకు లేనట్లే.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఒక కర్మాగారములో పేలుడు సంభవించి, నలుబదిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. వారిలో అనేకులు దూరదేశమునుండి వచ్చిన కూలివారు. ఆ రాత్రి ఆసుపత్రి వాకిట కూర్చుండి యేడ్చినవారి భాష మనలో ఎందరికి తెలియును? వారు మన ఇంటి ప్రక్కనే యుండిరి. మనము వారి పేరైనను అడిగియుండలేదు.

సహోదరులారా, ఒక పరదేశి తన వారిని విడిచి, రెండు దినములు గుఱ్ఱముమీద నడచి, మన భాష నేర్చుకొని మన ముత్తాతల వాడకు వచ్చెను. నేడు అట్టివారే మన వాడకు వచ్చియున్నారు. మనము గుఱ్ఱమెక్కి పోనక్కరలేదు. వీధి దాటిన చాలును. వారి మాట నాలుగు ముక్కలు నేర్చుకొని, భోజనమాయెనా అని అడిగిన చాలును. జ్వరము వచ్చిన వానికి ఇంత గంజి తీసికొనిపోయిన చాలును. మెదకు గుడిలో అయిదు వేలమందికి చోటున్నది. మన చిన్న గుడిలో, మన చాపమీద, వారిలో ఒక్కనికి చోటున్నదా అని ఈ మాసమంతయు మనలను మనము ప్రశ్నించుకొందము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, కాపరి లేని మా పెద్దలయొద్దకు కాపరులను పంపిన దేవా, నీకు స్తోత్రములు. పేరు తెలియని పంతులుగారల కొరకును, పంతులమ్మల కొరకును నీకు వందనములు. మా ప్రక్కయింటి పరదేశిని చూచు కన్నులు మాకిమ్ము. మమ్మును నీ యింటిలో సజీవమైన రాళ్లుగా అమర్చుకొనుము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా అడుగుచున్నాము. ఆమేన్.